పేరున్న ఆకలి

కరువును గీసే చిత్రకారుడికి మొదటి ముప్పు జాలి. ఎండిన డొక్కలు, గుంటలు పడ్డ కళ్లు ఎవరు గీసినా మనసు చివుక్కుమంటుంది. పాపమనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆకలికి శిథిలమైపోయిన మనిషి ఆ జాలిని దాటి మన ఎదుట నిలబడాలంటే అతనెవరో, ఏ ఊరివాడో బొమ్మ చెప్పాలి. చిత్తప్రసాద్ నల్ల సిరా బొమ్మలు నాకు కలిగించిన నమ్మకం ఇది.

చిత్తప్రసాద్ 1915లో బెంగాల్‌లోని నైహాటిలో పుట్టారు. కులం చెప్పే భట్టాచార్య అనే ఇంటిపేరు వదిలేశారు. బొమ్మలు గీయడం సొంతంగానే నేర్చుకున్నారు. కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తగా 1943 నవంబరులో మిడ్నాపూర్ జిల్లా తిరిగారు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో తుపాను, ఉప్పెన ఆ జిల్లాను ఊడ్చేశాయి. బర్మా జపాన్ చేతికి చిక్కడంతో అక్కడి బియ్యం రాక ఆగింది. శత్రువుకు దక్కకూడదని ప్రభుత్వం తీరప్రాంతంలో పడవలను లాగేసుకుంది. బియ్యం ధర కూలివాడికి అందకుండా పోయింది. అలా వచ్చిన బెంగాల్ కరువులో మృతులు 15 లక్షలని ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే తేల్చింది. తర్వాతి అంచనాలు 30 లక్షల దాకా వెళ్లాయి. అన్ని లక్షలు విన్నాక మనసు మొద్దుబారుతుంది. చిత్తప్రసాద్ ఆ లెక్కలోంచి ఒక్కొక్క మనిషినీ బయటికి తీశారు. తాను చూసినవారిని సిరాతో గీసి, బొమ్మల పక్కన వారి పేరు, ఊరు, వారికేం జరిగిందో రాశారు. ఆ బొమ్మలు, కథనం కలిసి ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకమయ్యాయి. ప్రభుత్వం 5000 ప్రతులను పట్టుకుని తగలబెట్టించింది. ఆయన కుటుంబం బ్యాంకు లాకరులో దాచిన ఒక్క ప్రతి మిగిలింది. దాని ఆధారంగానే 2011లో పుస్తకం మళ్లీ అచ్చయింది.

ఒక్క నలుపుతోనే గీయడం ఆయన పనికి బాగా కుదిరింది. పార్టీ పత్రికల్లో అచ్చయ్యే లైన్ బ్లాకులో బూడిద ఛాయ పలకదు. అక్కడ గీత ఉండాలి, లేదా తెల్ల కాగితం ఉండాలి. కాబట్టి పక్కటెముక ఎక్కడ మొదలవుతుందో, చర్మం ఎక్కడ వేలాడుతుందో కలం తేల్చి చెప్పక తప్పదు. రంగు ఉంటే కన్ను దాని వెంట పోతుంది. ఇక్కడ పోవడానికి వేరే చోటు లేదు, ఆ మనిషి దగ్గరే ఆగాలి.

ఇది పార్టీ ప్రచారం కాదా అని అడగవచ్చు. పార్టీ పని మీదే వెళ్లారన్నది నిజం. కానీ పేరు, ఊరు రాసినవాడు తన మాట నిజమో కాదో వెళ్లి చూసుకోమంటున్నాడు. ప్రచారానికి అంత ధైర్యం ఉండదు. అదే కరువును సునీల్ జానా గొప్పగా ఫొటోలు తీశారు కదా, బొమ్మలెందుకని మరొకరు అనవచ్చు. కెమెరా ఎదుట ఉన్నదంతా ఫొటోలో పడుతుంది. కలం మాత్రం ప్రతి గీతనూ ఏరుకోవాలి, అలా ఏరుకోవడానికి ఆ మనిషిని తదేకంగా చూడాలి. ఇంకొకరి బాధను అందంగా మలచుకోవడం తప్పు కాదా అన్న ప్రశ్న వీటికంటే బరువైనది. తప్పే, ఆ మనిషి పేరును చెరిపేసి అందాన్ని మాత్రమే మిగుల్చుకున్నప్పుడు.

నా వాదానికి ఎదురు నిలిచే గట్టి ఉదాహరణ మరో బెంగాలీ చిత్రకారుడు సోమనాథ్ హోర్. 1970లలో ఆయన తయారుచేసిన ‘గాయాలు’లో మనుషుల్లేరు, పేర్లు లేవు, కాగితపు గుజ్జు మీద తెలుపులో తెల్లటి గాట్లే ఉన్నాయి. అయినా అవి మనల్ని కదలనివ్వవు. ఎందుకంటే అక్కడ గాయపడింది కాగితమే. పైగా హోర్ తొలిరోజుల్లో చిత్తప్రసాద్ ప్రోత్సాహంతోనే చిట్టగాంగ్‌లో ఆకలితో ఉన్నవాళ్లను ఎదురుగా చూసి గీశారు. ఒక్కొక్క మనిషిని అంత దగ్గరగా చూసినవాడికే పేరు వదిలేసే హక్కు ఉంటుంది.

మన పత్రికల్లో కరువంటే నెర్రెలిచ్చిన నేల, ఆకాశం వైపు చూసే తలపాగా రైతు. ఆ రైతుకు పేరు లేదు, ఊరు లేదు, అప్పు ఎంతో తెలియదు. అనంతపురం గురించో, పాలమూరు గురించో గీసే మన చిత్రకారులు ఇకనైనా ముందు ఆ ఊరు వెళ్లాలి. ఆ మనిషి ఒప్పుకుంటే పేరు రాయాలి, ఒప్పుకోకపోతే కనీసం ఊరూ కారణమూ రాయాలి. నష్టం ఎవరిదో తెలిసినప్పుడే దానికి జవాబు చెప్పాల్సినవాళ్లెవరో అడగగలం.