గంట కొట్టిన తరువాత

పాఠశాల పిల్లలను మత్తుపదార్థములనుండి కాపాడుటకు ఏదైనా ఒక కార్యక్రమము జరుపవలెనన్న సంకల్పము కలిగినంతనే మన పెద్దలకు మొదట స్ఫురించునది ర్యాలీ, ఆ వెనుక ప్రతిజ్ఞ, ఆపైన ఒక పోలీసు అధికారి ఉపన్యాసము. జూన్ 26వ తేదీ, మాదకద్రవ్య వ్యతిరేక దినము, సమీపించుచున్నదనగా నాకు ఇట్టి కబుర్లు వచ్చుచుండును. "సార్, మీరొచ్చి పిల్లలకు గంజాయి గురించి గట్టిగ చెప్పాలె, జర భయం పెట్టాలె" అని ప్రధానోపాధ్యాయులు అడుగుదురు. వారి ఆందోళన నిజమైనది, దానియెడ నాకు గౌరవము కలదు. అయినను భయపెట్టుటకు ముందు ఆ ఊరి పిల్లలు దేనిని, ఏ చోట, ఏ వేళ, ఎవరి చేతినుండి అందుకొనుచున్నారో అడిగి తెలిసికొనుటయే నేను ఇన్నేండ్లుగా చేయుచున్న పని.

ఉపన్యాసముల వలన కలుగు ఫలమెంత యన్నది కొత్త ప్రశ్న కాదు. 1983లో లాస్ ఏంజలీసు నగరమున ప్రారంభమై అమెరికా అంతట వ్యాపించిన 'డేర్' అను కార్యక్రమములో పోలీసులే తరగతి గదికి వచ్చి పాఠము చెప్పెడివారు; తల్లిదండ్రులు దానిని మెచ్చుకొనిరి, ప్రభుత్వములు ధనమిచ్చినవి, కాని పరిశోధకులు పలుమారులు పరీక్షించి చూడగా ఆ పాఠములు విన్న పిల్లల అలవాట్లకును విననివారి అలవాట్లకును చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య విభాగమును ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణములు సైతము, భయము రేపుటయు కేవలము సమాచారము అందించుటయు ఫలింపని మార్గములుగానే పరిగణించినవి.

నిజామాబాదు ప్రాంతపు చిన్న పట్టణమొకటి, అందులో బస్టాండుకు ఎదురుగా ఉన్నత పాఠశాల. అక్కడి పెద్దలను ఎవరిని కదిపినను గంజాయి మాటయే వచ్చినది. పత్రికలలో చదువునది అదియే, టీవీలలో చూచునది అదియే. పిల్లలను అడుగు రీతి వేరు. ప్రశ్నాపత్రముపై పేరు వ్రాయరాదు. ఉపాధ్యాయుడు బెంచీల నడుమ తిరుగక నల్లబల్ల యొద్దనే నిలువవలెను. నింపిన కాగితమును పిల్లవాడు తానే మడిచి, సీలువేసిన పెట్టెలో వేయవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను పిల్లలు పెద్దలకు నచ్చు జవాబులనే వ్రాయుదురు. గొప్పకు పోయి లేని అలవాట్లను వ్రాసికొను బాలురును ఉందురు గనుక, లోకములో ఎక్కడను లేని మందు పేరొకటి జాబితాలో చేర్చుట కలదు. ఐరోపా దేశముల పాఠశాల సర్వేలలో 'రెలెవిన్' అను కల్పిత నామము ఇందులకే వాడిరి. ఆ లేని మందును సేవించితినన్న వాని కాగితమును పక్కకు తీసి ఉంచుదుము.

పెట్టె తెరిచి లెక్కించి చూచినప్పుడు గంజాయి అంతగా కానరాలేదు. కనిపించినవి మూడు: గుట్కా, తాతకొరకు కాంపౌండునుండి కల్లు తెచ్చుచు త్రోవలో త్రాగుట, సైకిలు పంక్చరు అతికించు సొల్యూషను వాసన పీల్చుట. ఈ మూడవదానిని చూచి ప్రధానోపాధ్యాయులు నివ్వెరపోయిరి. కాని దేశమంతటి లెక్కలు తెలిసినవారికి అది ఆశ్చర్యము కాదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నిర్వహించి 2019లో ప్రకటించిన జాతీయ సర్వేలో, పెద్దలకంటె పిల్లలలోనే అధికముగా తేలిన మత్తు ఈ పీల్చెడు పదార్థములది ఒక్కటే: పెద్దలలో నూటికి 0.58, పది మొదలు పదునేడేండ్ల లోపలివారిలో 1.17. కల్లు సంగతి ఆ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, అల్ప్రాజోలాము కలిపిన కల్తీకల్లు 2015లో సర్కారు నిఘా వలన హఠాత్తుగా దొరకకపోగా, అలవాటు పడినవారు వణకుచు, పిచ్చిచూపులు చూచుచు ఆసుపత్రుల పాలైన వృత్తాంతము అక్కడివారికి అనుభవములోనిదే.

అంకెలతో పని ముగియదు. పాఠశాలనుండి ఇంటివరకు తాము నడచు దారిని పిల్లలచేత తెల్లకాగితముపై గీయించి, ఆగు చోటులన్నిటిని గుర్తు పెట్టుమనగా, చాలమంది గీతలు మైదానము గోడ వెనుక నున్న పంక్చరు దుకాణము యొద్ద కలిసినవి. దుకాణదారుని అడిగితిమి. వేలి పొడవున్న పసుపుపచ్చని ట్యూబును అరచేతిలో పెట్టి చూపుచు అతడు, "సైకిలు లేని పోరగాళ్లు గూడ వచ్చి కొంటుంటే నాకూ అనుమానమే ఉండె సార్, గని నన్ను అడిగేటోళ్లు ఎవ్వరు లేకపాయె" అన్నాడు. అతనిలో దుర్మార్గమేమియు నాకు కనిపింపలేదు. బాలలకు మత్తుపదార్థము ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము విధింపవచ్చునని 2015నాటి బాలల న్యాయచట్టపు 77వ సెక్షను చెప్పుచున్నదని తెలుపగా అతడు ఉలికిపడి, నాటినుండి ట్యూబు విడిగా అమ్ముట మానినాడు. పంక్చరైన చక్రము తెచ్చినవానికి తానే అతికించి పంపును.

మిగిలిన జవాబు ఇండ్లలో దొరికినది. తండ్రి దుబాయిలోనో మస్కట్టులోనో ఉండును. తల్లి చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి, పొద్దుగూకు వేళ కార్ఖానాకు అప్పగించి రావలెను. బడి గంట సాయంకాలము నాలుగున్నరకు కొట్టును, మైదానము గేటుకు వెంటనే తాళము పడును. ఆ గంట మొదలు దీపములు పెట్టు వరకు ఆ పిల్లవాడు ఎవరి పిల్లవాడును కాడు. "పొద్దుమీకి ఏడ తిరుగుతడో నాకేం ఎరుక బిడ్డా, ఆకలైతె వస్తడు" అని ఒక అవ్వ చెప్పిన మాటలో, మా ప్రశ్నాపత్రములన్నియు కలిసి చెప్పినదానికంటె ఎక్కువ ఉన్నదని నేటికిని నా అభిప్రాయము.

ఐస్లాండు దేశమువారు చేసినదియు ఈ వెదకుటయే. 1998లో అచ్చట పదునైదు పదునారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో ఒకమారైనను త్రాగి మైకము చెందియుండిరి. 2016నాటికి ఆ సంఖ్య 5కు దిగినది. వారు ప్రతి పాఠశాలలోను అడుగుచు, ఏ ఊరి జవాబును ఆ ఊరికే త్వరగా తిరిగి అందించుచు, పిల్లలు తల్లిదండ్రులతో గడపు కాలమును ఆటలలో సంగీతములో గడపు కాలమును పెంచుటకు ధనము వెచ్చించిరి. ఆ దేశపు క్రీడామందిరములను చూచి మనకును అట్టివి కట్టవలెననువారు కలరు. నేను మాత్రము, కట్టడమును గాక అడుగు పద్ధతినే తెచ్చుకొనవలెనందును. సియాటిల్‌లో హాకిన్స్, కాటలానో అను ఆచార్యులు రూపొందించిన విధానములోను ప్రధానమైన నియమమిది: ఊరిని పీడించు కారణములన్నిటిపై ఒక్కమారు పడక, హెచ్చుగా తేలిన కొద్దింటిని ఎన్నుకొని, వానికి తగినట్లు ముందే పరీక్షకు నిలిచిన కార్యక్రమములనే చేపట్టవలెను. ఏడు రాష్ట్రములలోని 24 పట్టణములలో దానిని పరీక్షింపగా, ఆ విధానమనుసరించిన పట్టణముల పిల్లలలో పొగాకును మద్యమును కొత్తగా మొదలుపెట్టినవారు తక్కువగా తేలిరి.

మా పట్టణము రెండింటిని ఎన్నుకొన్నది. చీకటి పడువరకు మైదానము తెరచియుంచి, వ్యాయామోపాధ్యాయునికి తోడు ఇద్దరు డిగ్రీ చదువు యువకులను నిలుపుట మొదటిది. తల్లులతో సమావేశములు జరుపుట రెండవది. అవి పాఠశాలలో ఉదయము పదకొండుకు పెట్టినచో ఎవరును రారు, దినకూలి పోవును గనుక, బీడీ కార్ఖానా అరుగుమీదనే, కట్టలు లెక్కించు వేళ జరిపితిమి. గుట్కాకు ఏ ప్రత్యేక ప్రయత్నమును చేపట్టలేదు. పాఠశాలకు నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదన్న 2003నాటి చట్టమును అమలు పరుపుడని పురపాలక సంఘమునకు అర్జీ మాత్రము ఇచ్చితిమి. ర్యాలీయు జరిగినది, పిల్లలకు అది ఇష్టము. దానికి నేనెన్నడును అడ్డుచెప్పను.

మెకానిక్కు షెడ్లలో, టిఫిను బండ్లయొద్ద పనిచేయు బాలురు ఈ లెక్కలో లేరు. బడి మానిన వారికి మా పెట్టె అందలేదు, సొల్యూషనును టిన్నరును పగలంతయు చేతపట్టుకొని పనిచేయువారు వారే. షెడ్లు మూయునది రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట గనుక ఆ వేళకే పోయి వారిని అడుగవలెను. చదువ లేనివారికి ప్రశ్నలు చదివి వినిపించుటకు ఆ ఇద్దరు యువకులే ఒప్పుకొన్నారు, దసరా సెలవులు ముగియగానే మొదలు పెట్టుదుము.