వీధిమాటలు - అర్థపరిణామము

అర్థపరిణామమును బోధించువారు 'కంపు', 'చీర' వంటి కావ్యపదములను ఉదాహరించి తృప్తినొందుచు, వీధిమాటలను అపభ్రష్టములని విడిచిపెట్టుట పరిపాటి. ఈ విభజన శాస్త్రీయము కాదని మా అభిప్రాయము.

'సాని' శబ్దమును చూతము. ఇది సంస్కృత 'స్వామినీ' శబ్దభవము. పిల్లలమఱ్ఱిలో 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించిన ఎఱకసాని రేచెర్ల బేతిరెడ్డి భార్య. ఆమె పేరున 'సాని' గౌరవవాచకము. ఆ పదమే దేవాలయములందు సేవించు స్త్రీలకు చెల్లి, పిదప వేశ్యాపరమై, తుదకు తిట్టుగా దిగజాఱినది. 'దొరసాని' యందు మాత్రము పూర్వగౌరవము నిలిచినది.

ఇందుకు విపరీతమైన గతి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పొరుగుననున్న అంబర్‌పేట వీధులలో వినవచ్చును. ఉర్దూలో 'ఖతర్నాక్' అనగా అపాయకరము. ఇచటి యువకులు దానిని 'మిక్కిలి గొప్పది' యను అర్థమున వాడుదురు. 2006లో అది యొక తెలుగు చలనచిత్రమునకు పేరైనది. 'జబర్దస్త్' పదమును అట్టిదే. బలవంతమను భావము 'జబర్దస్తీ'లో మిగిలినది. ప్రశంస 'జబర్దస్త్'కు దక్కినది. సాని, దొరసాని పదముల వలెనే ఇవియు ఒకే మూలమునుండి రెండు త్రోవలు పట్టినవి.

సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రధానముగా గ్రంథప్రయోగములను ఆశ్రయించినది. 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశ ప్రథమసంపుటము సేద్యగాండ్ర మాటలకు ఆ కొఱత తీర్చినది. వీధిమాటలకును అట్టి సేకరణము కావలెను. అందు ప్రతి యర్థమునకును కాలమును స్థలమును గుర్తింపవలెను. లేనిచో నేటి యర్థముతో శాసనము చదువు విద్యార్థి ఎఱకసానికి అపచారము చేయును.