యుద్ధవ్యాఖ్యానంలో 'మన': ఫాక్‌లాండ్స్ వార్తల ఆధారంగా ఒక పరిశీలన

1. ప్రస్తావన

యుద్ధకాలపు వార్తావ్యాఖ్యానంలోని దేశభక్తి పక్షపాతాన్ని విమర్శకులు ఎక్కువగా అసత్యప్రచారంగానే పరిగణిస్తారు. అంకెలు తప్పాయా, నష్టాలను దాచారా, ప్రత్యర్థిపై నిందలు కల్పించారా అని వెతుకుతారు. ఇది అవసరమైన పరిశీలనే కాని, చాలదు. వాస్తవాలన్నీ సరిగా ఉన్న వ్యాఖ్యానంలోనూ పక్షపాతం ఉండవచ్చు. అది సర్వనామంలో, క్రియాపదంలో నిలిచి ఉంటుంది. సర్వనామమే బహిరంగ వివాదాంశమైన 1982 నాటి ఫాక్‌లాండ్స్ యుద్ధం ఇందుకు తగిన నిదర్శనం.

2. 'బ్రిటిష్ సేనలు' అనడమే నేరమైన సందర్భం

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం ఆ దీవులను ఆక్రమించి, జూన్ 14న లొంగిపోయింది. ఈ యుద్ధంలో 649 మంది అర్జెంటీనా వారు, 255 మంది బ్రిటిష్ దళాల వారు, ముగ్గురు ద్వీపవాసులు మరణించారు. నౌకాదళం వెంట బ్రిటిష్ విలేకరులకు మాత్రమే చోటు లభించింది. వార్తలు పంపడానికి సైతం వారు ఆ దళం సాధనాలపైనే ఆధారపడ్డారు.

ఈ స్థితిలో బి.బి.సి. 'మన సేనలు' అనడం మాని 'బ్రిటిష్ సేనలు' అనే ప్రయోగాన్ని పాటించింది. న్యూస్‌నైట్ వ్యాఖ్యాత పీటర్ స్నో, బ్రిటిష్ పక్షం వంచిస్తున్నట్లు రుజువయ్యేవరకు దాని కథనానికే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుందన్నారు. నిజానికి ఇది ప్రభుత్వానికి అనుకూలమైన వాక్యమే. అయినా పాలకపక్ష సభ్యుడొకరు దీనిని దాదాపు దేశద్రోహంగా వర్ణించారు. మే 6న ప్రధాని మార్గరెట్ థాచర్, కొన్ని సందర్భాల్లో తమనూ అర్జెంటీనా వారినీ దాదాపు సమానులుగా చూస్తున్నారని కామన్స్ సభలో ఆక్షేపించారు. మరునాడు సన్ పత్రిక సంపాదకీయం స్నోపైన, గార్డియన్, డైలీ మిర్రర్ పత్రికలపైన ద్రోహారోపణ చేసింది.

వీరిని ఆగ్రహపరిచినది స్నో మాటల్లోని సమాచారం కాదు, ఆయన నిలబడిన స్థానం. ప్రభుత్వం అబద్ధమాడే అవకాశం ఉందని అంగీకరించడానికి వ్యాఖ్యాత 'మన' నుంచి ఒక అడుగు బయటికి రావాలి. ఆ అడుగే నేరమైంది.

3. బెల్‌గ్రానో: అడగని ప్రశ్న

మే 2న బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్, అర్జెంటీనా యుద్ధనౌక జనరల్ బెల్‌గ్రానోను ముంచింది. 323 మంది మరణించారు. సన్ పత్రిక తొలి ప్రతులలో 'గాచా' అనే శీర్షిక పెట్టింది. చిక్కిన వేటను చూసి అనే మాట అది. మృతుల సంఖ్య భారీగా ఉండవచ్చని తెలిశాక తరువాతి ప్రతులలో దానిని మార్చింది. ఇక్కడ సంఘటన నిజం, విజయమూ నిజమే. పక్షపాతమంతా ఆ సంబోధనలో ఉంది.

ఆ నౌక నిషేధమండలం వెలుపల ఉన్నంతమాత్రాన దాడి అక్రమం కాదనే వాదనకు బలముంది. అయితే చర్య సమర్థనీయమా అన్నది ఒక ప్రశ్న, దానిని ప్రశ్నించే వీలును వ్యాఖ్యానం మిగిల్చిందా అన్నది వేరొక ప్రశ్న. 1983 మేలో బి.బి.సి. నేషన్‌వైడ్ కార్యక్రమంలో ఒక ప్రేక్షకురాలు, దీవులకు దూరంగా వెళుతున్న నౌకను ముంచమని మీరెందుకు ఆదేశించారని థాచర్‌ను నిలదీశారు. ఆ ప్రశ్నకు బలం 'మీరు' అనే మాటలో ఉంది. 'మనం ముంచాం' అన్న వాక్యంలో ఆదేశమిచ్చిన కర్త కనిపించడు. 'మీరు ఆదేశించారు' అన్నప్పుడే జవాబుదారీ బయటపడుతుంది.

అర్జెంటీనాలోనూ ఇదే జరిగింది. సైనికపాలన కింద హెంటే పత్రిక మే నెలలో 'గెలుస్తున్నాం' అని ముఖపత్రంపై ప్రకటించింది. జూన్ మధ్యలో లొంగుబాటు వార్త వచ్చింది. అక్కడ వాస్తవమూ తప్పింది, సర్వనామమూ తప్పింది. బ్రిటన్‌లో వాస్తవం చాలావరకు నిలిచినందువల్లనే సర్వనామదోషం కంటికి ఆనలేదు.

4. తెలుగు వ్యాఖ్యానానికి అన్వయం

ఆంగ్లంలో ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. తెలుగులో 'మేము', 'మనం' వేరు. 'మన సైన్యం' అన్న వెంటనే పాఠకుడు అతని అనుమతి లేకుండానే వాక్యంలో భాగస్వామి అవుతాడు. క్రియల్లో ఈ తేడా ఇంకా స్పష్టం. మరణాన్ని తెలిపే ఒకే ఆంగ్ల క్రియ వార్తాసంస్థ నుంచి అనువాదకుని బల్లపైకి వచ్చినప్పుడు, స్వపక్షానికి 'అమరులయ్యారు', పరపక్షానికి 'హతమయ్యారు', తటస్థులకు 'మరణించారు' అని చీలిపోతుంది. ఏకవచనంలో గౌరవభేదం కూడా చేరుతుంది: ఇటువైపు జవాను 'నేలకొరిగారు', అటువైపు సైనికుడు 'చచ్చాడు'. మూలంలో లేని తీర్పు అనువాదంలో వ్యాకరణం ద్వారా ప్రవేశిస్తుంది. వాస్తవనిర్ధారణ మాత్రమే చేసే పరిశీలనకు ఇది దొరకదు.

5. ముగింపు

స్వజనుల మరణానికి దుఃఖించడం పక్షపాతం కాదు. ఆ దుఃఖానికి 'మన' అనే మాట తగినదే. అదే మాట నిర్ణయానికి, ఆదేశానికి, దాడికి విస్తరించినప్పుడు దోషం మొదలవుతుంది. అప్పుడు కొందరు తీసుకున్న నిర్ణయం అందరిదై, దానిని ప్రశ్నించినవాడు ద్రోహిగా కనిపిస్తాడు. కనుక తెలుగు యుద్ధవార్తలను పరిశోధించేవారు 'చెప్పినది నిజమా?' అన్న ప్రశ్నతో ఆగకుండా, 'ఈ వాక్యానికి కర్త ఎవరు? పాఠకుణ్ణి ఎవరి పక్కన నిలబెట్టారు?' అని కూడా అడగాలి.