వీరచరిత్రము - చలనచిత్రము

చరిత్రపురుషుని చలనచిత్రమున నిలుపబూనువారికి రెండు ఋణములు గలవు. ప్రేక్షకుని రంజింపజేయుట ఒకటి. గతించినవారికి అన్యాయము జరుగకుండ జూచుట రెండవది. మొదటిదానిని టిక్కెట్టు కొన్నవాడే యడుగును. రెండవదానిని విమర్శకుడు అడుగవలెను.

1974 మే 1వ తేదీన విడుదలయైన “అల్లూరి సీతారామరాజు” తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రము. దర్శకుడు వి. రామచంద్రరావు నడుమనే మరణించినను, కథానాయకుడు కృష్ణ పట్టు విడువక దానిని పూర్తిచేయించెను. శ్రీశ్రీ గీతమునకు జాతీయ పురస్కారము లభించినది. జగ్గయ్య ధరించిన రూథర్‌ఫర్డు పాత్ర గంభీరమైనది; శత్రువును కించపరుపనందున వీరుని గౌరవము హెచ్చినది. ఇవి మెచ్చదగిన గుణములు.

అయినను సీత యను కన్య ప్రణయమునకు చిత్రమున దొరకిన చోటు మన్యమువారి ఆకలికి దొరకలేదు. 1882 నాటి అటవీ చట్టము పోడు వ్యవసాయమును అడ్డగించినది. రోడ్డుపనులలో గిరిజనులచే చాలీచాలని కూలికి వెట్టిగా పనిచేయించిరి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడి జరిగినది ఈ బాధలవలననే. రాజు నాయకుడు, బాధ మాత్రము గాం గంటందొర, మల్లుదొర మొదలగువారిది. 1924 మే 7న కొయ్యూరులో రాజు మరణముతో చిత్రకథ ముగియును, చరిత్ర ముగియలేదు. మల్లుదొర చిరకాలము చెరసాలలో గడపి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ సంగతి ఎందరు ప్రేక్షకులకు తెలియును?

2022లో వచ్చిన “ఆర్.ఆర్.ఆర్.” రాజును కొమురం భీమును మిత్రులనుగా జేసినది. కల్పన యని చెప్పియే చేసిరి గనుక అందు మోసము లేదు. కాని భీముని పోరాటము అందు ఒక బాలికను విడిపించు సాహసముగా మారినది. ఆయన 1940లో జోడేఘాటున ప్రాణములర్పించినది నేల, అడవి, నీటి హక్కుల కొరకు.

సిద్దిపేటవారికి ఈ భేదము సులభముగ బోధపడును. ఈ జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్ల నెదిరించినది ఒక్క వీరుడు కాదు, బురుజు నాశ్రయించి నిలిచిన ఊరు. అట్టి కథలో ఒక్క కథానాయకునే వెదకువాడు ఊరిని పోగొట్టుకొనును.

కావున గృహస్థులు బిడ్డలను ఇట్టి చిత్రములకు తప్పక తీసికొనిపోవలెను. ఇల్లు చేరిన పిమ్మట మాత్రము వారిని మూడు ప్రశ్నలడుగవలెను: ఆ వీరుడు దేనికొరకు పోరాడెను? ఎవరితో గూడి పోరాడెను? అతడు పోయిన పిదప వారికేమి మిగిలెను? చిత్రము జవాబీయనిచోట పుస్తకము తెరచి చూపుట పెద్దల విధి.