పాత రేవా బేరగాడు
పాత రేవా అమ్మడం ఒట్టి మాటకారితనంతో అయ్యే పని కాదు. 2001లో బెంగళూరులో రోడ్డెక్కిన ఆ రెండు తలుపుల బుల్లి కరెంటు కారుకి బేరం కుదిర్చే మంచి బ్రోకరు ముందు మల్టీమీటరు తీస్తాడు. సీట్ల కింది 8 లెడ్ యాసిడ్ బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా కొలిచి కాగితం మీద రాస్తాడు. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తాడు. ఒక్క బ్యాటరీ నీరసించినా బండి మొత్తం చతికిలబడుతుంది మరి! తరవాత కొనేవాళ్లని ఎక్కించుకుని, ఏసీ ఉంటే అదీ వేసి, ఫ్లైఓవరు ఎక్కిస్తాడు. ఛార్జింగు ఎంత దిగిందో దాచడు, వేలుపెట్టి చూపిస్తాడు. "సార్, ఇంటి దగ్గర 15 ఆంపుల ప్లగ్గుందా?" లేదంటే బేరం అక్కడితో సరి. అమ్ముకునే ఆవిడేమో బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు పెడుతూ కూడా జాగ్రత్తలు చెబుతూనే ఉంటుంది. ఇలాంటి బ్రోకరు దొరికితే కమీషను దగ్గర గీచిగీచి బేరమాడకండి.