నొప్పికి ఒక గడి

ప్రయోగశాలలో ఒక ఎలుక గురించి మనకు తెలియని విషయం దాదాపు ఉండదు. దాని వయసు, బరువు, వంశం, ఇచ్చిన మందు మోతాదు, రక్తంలో చక్కెర, కణితి పొడవు వెడల్పులు అన్నీ రిజిస్టరులో ఎక్కుతాయి. అది ఎంత బాధపడిందన్నది మాత్రం చాలాచోట్ల ఎక్కదు. ప్రయోగానికి ముందు నింపే దరఖాస్తులో ‘బాధ కలగకుండా తగిన జాగ్రత్తలు తీసుకుంటాం’ అన్న వాక్యం ఉంటుంది. ఆ జాగ్రత్తలు ఫలించాయో లేదో ప్రయోగం ముగిశాక చెప్పే కాగితం అక్కడ ఉండదు. నేను అడిగేది ఒక్కటే. మోతాదును ఎంత శ్రద్ధగా కొలుస్తామో బాధనూ అంత శ్రద్ధగా కొలవాలి, రాయాలి, బయటపెట్టాలి. కొలత లేనిచోట దయ ఉద్దేశంగానే మిగిలిపోతుంది; అది ఆ జంతువు దాకా చేరిందో లేదో ఎవరికీ తెలియదు.

నోరులేని జీవి నొప్పిని ఎలా కొలుస్తారన్నది సహజంగా వచ్చే మొదటి ప్రశ్న. పైగా ఎలుకలాంటి జంతువు నొప్పిని దాచుకుంటుంది, ఎందుకంటే బలహీనంగా కనిపించినదాన్నే వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది. అయినా దారి దొరికింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం 2010లో చిట్టెలుకల ముఖాల్లో నొప్పిని చదివే కొలమానాన్ని ప్రకటించింది. కళ్లు ఎంత బిగుసుకున్నాయి, ముక్కు మీద, బుగ్గ మీద ఉబ్బు ఎంత, చెవులు ఎటు తిరిగాయి, మీసాలు ఎలా ఉన్నాయి అన్న అయిదు అంశాలకు సున్నా, ఒకటి, రెండు అని మార్కులు వేస్తారు. ఏ ఎలుకకు నొప్పి కలిగించారో తెలియనివాళ్లే ఫొటోలు చూసి మార్కులు వేసినా వాటికి పొంతన కుదిరింది. మార్ఫిన్ ఇస్తే మార్కు తగ్గింది. మనిషి తన ఊహను జంతువు ముఖం మీద చదువుకుంటున్నాడన్న అనుమానానికి ఇదే గట్టి జవాబు. నొప్పి తగ్గించే మందుకు ఆ ముఖం స్పందిస్తోందంటే అక్కడ ఉన్నది నొప్పే. తర్వాతి ఏళ్లలో పెద్ద ఎలుకలకు, కుందేళ్లకు, గుర్రాలకు, పిల్లులకు కూడా ఇలాంటి కొలమానాలు వచ్చాయి. వీటికీ పరిమితులున్నాయి. గంటల పాటు ఉండే నొప్పిని ముఖం బాగా చెబుతుంది, నెలల తరబడి సాగేదాన్ని అంతగా చెప్పదు. మగవాళ్ల వాసన తగిలితే ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పిని తక్కువగా కనబరుస్తాయని 2014లో అదే బృందం చూపింది. అందుకే గూడు కట్టుకోవడం, బొరియ తవ్వడం, తిండి, బరువు, ఒంటి వేడి వంటి మరికొన్ని ఆనవాళ్లను కూడా కలిపి చూడాలి. లోపాలున్న కొలత మెరుగుపడుతుంది, అసలు లేని కొలత మెరుగుపడదు.

బాధ అంటే కోత, సూది మాత్రమే కాదు. ఎలుకను తోక పట్టుకుని ఎత్తడం ప్రపంచమంతటా ల్యాబుల్లో అలవాటుగా సాగుతున్న పని. దానికి బదులు ఒక చిన్న గొట్టంలోకి ఎక్కించుకునో, దోసిట్లోకి తీసుకునో ఎత్తితే భయం బాగా తగ్గుతుందని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ హర్స్ట్, రెబెక్కా వెస్ట్ 2010లో నిరూపించారు. గొట్టానికి అయ్యే ఖర్చు ఎంత? చలి సంగతి ఇంకా విచిత్రం. మన ఒంటికి హాయిగా ఉండేలా ల్యాబును 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచుతారు. చిట్టెలుకకు హాయి 30 డిగ్రీల దగ్గర. అంటే అది పుట్టిన దగ్గర్నుంచీ చలిని తట్టుకుంటూనే బతుకుతుంది. 2013లో అమెరికాలోని రోజ్‌వెల్ పార్క్ కేన్సర్ సంస్థ పరిశోధకులు వెచ్చగా ఉంచిన ఎలుకల్లో కణితులు నెమ్మదిగా పెరిగాయని, రోగనిరోధక స్పందన మెరుగ్గా ఉందని చూపారు. ఈ సంగతి నన్ను చాలా కలవరపెడుతుంది. చలిలో వణికే జంతువు మీద తేల్చిన కేన్సర్ ఫలితం దేని ఫలితం? మందుదా, చలిదా?

నొప్పి నివారణ మందులు ఇస్తే ఫలితాలు కలుషితమవుతాయన్న అభ్యంతరానికి జవాబు ఇక్కడే ఉంది. మందు ప్రభావం నిజమే, కానీ నొప్పి ప్రభావం కూడా నిజమే. నొప్పితో ఉన్న జంతువు సరిగా తినదు, నిద్రపోదు, దాని ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, రోగనిరోధక శక్తి మారుతుంది. మందునైతే మోతాదు తెలిసి, రెండు గుంపులకూ సమానంగా ఇచ్చి లెక్కలో పెట్టవచ్చు. కొలవని నొప్పి లెక్కకు అందకుండానే ఫలితంలో కలిసిపోతుంది.

జంతువుల సంఖ్య తగ్గుతోంది కదా, అది చాలదా అని మరికొందరంటారు. చాలదు. 1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే శాస్త్రవేత్తలు మూడు మార్గాలు చెప్పారు: వీలైనచోట జంతువు బదులు మరో పద్ధతి వాడటం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. వీటిలో సంఖ్యను లెక్కపెట్టడం తేలిక కాబట్టి అందరి కళ్లూ దానిమీదే. అయితే ఒకే జంతువును పదేపదే వాడితే సంఖ్య తగ్గుతుంది, ఆ ఒక్కదాని బాధ పెరుగుతుంది. సగం జంతువులను చంపే మోతాదు ఎంతో తేల్చే ఎల్‌డీ50 పరీక్షను 1927లో ట్రెవన్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఆ పాత పద్ధతిని 2002 చివర్లో తన మార్గదర్శకాల నుంచి తొలగించింది. దాని స్థానంలో వచ్చిన పద్ధతుల్లో ఒకటి చావు కోసం కాచుకోదు, విషం ఎక్కిన స్పష్టమైన లక్షణాలు కనిపిస్తే అక్కడితో ఆగుతుంది. తగ్గింది తలల సంఖ్య ఒక్కటే కాదు, చావుకు ముందటి గంటల యాతన కూడా. ఆ గంటలకు ఎవరో విలువ కట్టారు కాబట్టే ఇది సాధ్యమైంది.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం జంతు ప్రయోగాలే వద్దనేవారిది. బాధను కొలవడమంటే దాన్ని సమ్మతించడమేనని వారి మాట. ఆ వేదనను నేను గౌరవిస్తాను, ప్రత్యామ్నాయం ఉన్నచోట జంతువును వాడకూడదన్న దాంట్లో నాకు తేడా లేదు. కానీ టీకాలు, మందుల భద్రత కోసం రేపు ఉదయం కూడా ఎన్నో జంతువులు ఆ పంజరాల్లోనే ఉంటాయి. ఏ పరీక్ష అన్నింటికంటే క్రూరమైనదో తెలిస్తేనే ఏ ప్రత్యామ్నాయానికి ముందుగా డబ్బూ మేధా పెట్టాలో తెలుస్తుంది. ప్రయోగాలే వద్దనే ఆ పోరాటానికి కూడా ఈ లెక్కే సాక్ష్యం.

ఐరోపా సమాఖ్య 2010 నాటి ఆదేశం ప్రకారం ప్రతి ప్రయోగంలో జంతువు నిజంగా పడిన బాధ స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా, లేక మత్తులోంచి లేవకుండానే ముగిసిందా అన్నది నమోదు చేయాలి. ఆ అంకెలు ప్రజలకు అందుబాటులో ఉంటాయి. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం శస్త్రచికిత్సల్లో వీలైనంతవరకు మత్తు ఇవ్వాలంది, 1998 నియమాలతో సంస్థల్లో ఎథిక్స్ కమిటీలు వచ్చాయి. 2023లో కొత్త మందుల పరీక్షల్లో జంతువులు లేని పద్ధతులకూ చోటిచ్చారు. ఇవన్నీ మంచి అడుగులే. కానీ ఎన్ని జంతువులు ఎంత తీవ్రంగా బాధపడ్డాయో ఏటా చెప్పే లెక్క దేశం ముందు లేదు. దాన్ని మన దగ్గరే మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్ టీకాల రాజధాని అని గర్వంగా చెప్పుకుంటాం. జీనోమ్ వ్యాలీలోనే ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది, ప్రయోగశాల జంతువుల శాస్త్రంలో దశాబ్దాల అనుభవమున్న జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ప్రయోగం ముగిశాక నింపే బాధ నమోదు పత్రాన్ని ఈ రెండు సంస్థలూ ముందుగా తమ దగ్గర అమలు చేసి, మొదటి ఏడాది అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా ప్రచురించాలి. ఎథిక్స్ కమిటీల్లో కూర్చునే తెలుగు శాస్త్రవేత్తలు, పశువైద్యులు వచ్చే సమావేశంలోనే ఈ ప్రతిపాదన పెట్టాలని కోరుతున్నాను.