పాత పాటల పునర్ముద్రణము

గ్రంథమును తిరిగి అచ్చువేయుట యెట్టిదో, పాటను తిరిగి వెలువరించుటయు నట్టిదే. ఆ పనికి పూనినవానికి రెండు బాధ్యతలు గలవు. ఉన్నదానిని చెడగొట్టకుండుట మొదటిది. అది యెవరిది, ఎప్పటిది, ఏ ప్రతినుండి గ్రహింపబడినది అను సంగతిని దాచకుండుట రెండవది. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర వేమన పద్యముల వ్రాతప్రతులను ప్రోగుచేయించి, పాఠాంతరములను సరిచూపించి, ఈ ధర్మమును మనకు ఆచరించి చూపెను. పద్యమునకు చెల్లించు ఈ మర్యాద సినిమాపాట కెందులకని కొందరు నవ్వవచ్చును. అట్లు నవ్వువారు ఈ నాలుగు మాటలను ఓపికతో చదువవలెనని మా ప్రార్థన.

మా గోదావరిఖని ప్రాచీన నగరము గాదు. 1960 ప్రాంతమున ఇచట బొగ్గుగనులు త్రవ్వ నారంభింపగా, పనికై నలుదెసలనుండి వచ్చిన కుటుంబములతో పెరిగిన ఊరిది. గుండమ్మకథ 1962లోను, లవకుశ, నర్తనశాల 1963లోను, మూగమనసులు 1964లోను వెలువడినవి. అనగా నేడు జనులు ‘పాత బంగారము’ అని పిలుచు పాటల వయస్సును, మా ఊరి వయస్సును ఇంచుమించుగ నొక్కటే. ఇచటి వృద్ధులకు ఆ పాటలు విలాసము గావు. పుట్టిన ఊరు విడిచివచ్చిన తొలి దినములలో తోడుండిన బంధువులు.

గడచిన వేసవిలో ఒక ఆదివారము సాయంకాలమున, గనిలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక పెద్దమనిషి యింట పాటల ప్రియులు కొందరు కూడగా మేమును పోయితిమి. ఒకరు బ్యాంకి ఉద్యోగి. ఒకరు మా సహోపాధ్యాయురాలు. ఒకరు కంపెనీలో ఎలక్ట్రీషియనుగా నుండినవారు. బల్లపై ఒకవైపున పాత రికార్డులు, రెండవవైపున సీడీలు పేర్చబడి యుండెను. ఆ పాత రికార్డు లక్కయు రాతిపొడియు కలిపి చేసిన పది అంగుళముల పలక. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్క ముఖమున మూడు, మూడున్నర నిమిషములకు మించి పట్టదు. చేయిజారినచో పెంకువలె పగులును. సీడీ యన్ననో 1982లో లోకమునకు వచ్చి, తరువాతి దశాబ్దమున మన యిండ్ల జొరబడినది; ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును; ఇరువది పాటలను ఒక్కటే మోయును. ఇప్పుడు సీడీ సయితము పాత వస్తువైనది. ఐనను పాటలను ఫోనులో వినువారు వినునది తరచుగా ఆ సీడీల కొరకు సిద్ధపరచిన ప్రతినే గావున, దాని గుణదోష విచారణము కాలము చెల్లిన పని గాదు.

వాదము ముదిరెను. రికార్డులోని గరగర పాటకు ప్రాణమని గృహస్థు వాదించెను. ముప్పదియేండ్లు డ్రిల్లింగు యంత్రముల చప్పుడున పనిచేసి వినికిడి తగ్గిన ఆయన ఆ గరగరను తానే వినలేడని ఆయన భార్య చెప్పగా అందరును నవ్విరి. అప్పుడు వారి కుమారుడు, తల్లికి ప్రియమైన ఒక పాట కలదని తాను వెలయిచ్చి తెచ్చిన సీడీని వినిపించెను. చాలకాలము క్రిందట ఆ పాట రికార్డు ఇల్లు మారునపుడు పగిలిపోయినదట. ఆమె పల్లవి విని, చరణము విని, మెల్లగ ఇట్లనెను: “సారూ, గిది ఆ పాట గాదు. మాటలు గవ్వే, గొంతు వేరే.” కుమారుని ముఖము చిన్నవోయెను. మేము పెట్టెను త్రిప్పిచూచితిమి. ముందువైపున ఆ చిత్రమునందలి నాయికానాయకుల బొమ్మ. వెనుకవైపున చీమతలకాయలంత అక్షరములతో, ఈ పాటలను వేరు గాయకులు పాడిరను వాక్యము! చదువురాని ఆ తల్లి చెవి పట్టుకొన్న మోసమును, చదువుకొన్న కుమారుని కన్ను పట్టుకొనలేకపోయెను.

వేరొకరు పాడుట తప్పని మేమనము. తప్పు దాచుటయందున్నది. ఒక కవి పద్యమును మరియొకడు మార్చి వ్రాసి, మొదటి కవి పటమును అట్టపై నచ్చొత్తించినచో దాని నేమందుము?

ఇక అసలు ధ్వనినే గ్రహించి వెలువరించిన సీడీల మాట. వీనియందు మాకు కనబడిన దోషములు మూడు.

మొదటిది శుద్ధిచేయుటయందలి అతి. చిటపటలను పోగొట్టుట మంచిదే. కాని గరగర యుండు స్వరస్థాయియందే మన ఊష్మాక్షరములును ఉండును. గరగరను మూలముట్టుగ తుడిచినచో శ, ష, స లును మొద్దుబారును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగర సంగీత కళాశాలలో చదివి, పద్యమును పదచ్ఛేదము చెడకుండ, శకార షకారములు దేనికది తెలియునట్లు పాడినవారు. నర్తనశాలలో తిక్కన పద్యములు గలవు. అట్టి పద్యము అక్షరము నలిగి వినబడుటకన్న కొంత గరగరతో వినబడుటయే మేలు. ఒక్క మైకు ముందు వాద్యబృందమంతయు కూడి వాయించిన నాటి మోనో ధ్వనికి లేని ప్రతిధ్వనిని తగిలించి విశాలమైనదానిగ చూపుటయు ఇట్టి అతియే.

రెండవది పేర్ల లోపము. సీడీలు సాధారణముగ నటుని పేర వెలువడును. పాడినవారి పేరు చిన్నదిగ నుండును. వ్రాసినవాని పేరు తరచుగ నుండనే యుండదు. కె.వి. మహదేవన్ మాతృభాష తెలుగు గాకున్నను, ముందు పాట వ్రాయించుకొని, ఆ మాటల నడకను బట్టి వరుస కట్టువాడని ప్రసిద్ధి. అనగా మూగమనసుల పాటలకు పునాది ఆత్రేయ, దాశరథి, కొసరాజుల మాట. పునాది వేసినవాని పేరు కొట్టివేసి ఇంటి ముందు నిలుచున్నవాని బొమ్మ వేయుట న్యాయమా? సి. నారాయణరెడ్డిగారు 1962లో గులేబకావళికథ పాటలతో సినిమాలోనికి వచ్చిరి. వారు పుట్టిన హనుమాజీపేటయు మా గోదావరిఖనియు నాడు ఒక్క కరీంనగరు జిల్లాలోనివే. ఆయన పాటను దినదినము పాడుకొను మా విద్యార్థులలో అది ఆయనదని యెరిగినవారు ఎందరుందురు? పెట్టెపై లేని పేరును బాలు రెట్లెరుగుదురు?

మూడవది ఎంపిక. పదునాలుగు సీడీలలో ప్రణయగీతములే పదింట తొమ్మిది పాళ్లు కనబడెను. వెలుగునీడలు (1961), మనుషులు మారాలి (1969) చిత్రములకు శ్రీశ్రీ పాటలు వ్రాసెను. రెండవది కార్మికుల కష్టమును గూర్చిన కథ. కార్మికులతో నిండిన మా ఊరిలో, ఆ యింటి సీడీలలో, ఆ పాట యొక్కటియు లేదు! ఏది తిరిగి వెలువడునో అది మిగులును. వెలువడనిది క్రమముగ మరపున పడును. కావున ఎంపిక చేయువాడు తాను చరిత్ర వ్రాయుచున్నానని యెరుగవలెను.

ఐతే ప్రియులయందును దోషములు లేకపోలేదు. రికార్డు చీటి రంగును గూర్చి గంటసేపు వాదించినవారు పాట అర్థమును గూర్చి నిమిషమైన మాటలాడలేదు. 1970 తరువాత పాటయే లేదనుట వారి రెండవ పొరపాటు. మూడవది ఘోరతరము: పాతదెల్ల బంగారమనుట. ఆ కాలపు పాటలలో భర్త యెట్టివాడైనను భార్య పాదములు పట్టి పడియుండవలెనని బోధించునవియు, కోడలి కన్నీటిని ఆభరణముగ పొగడునవియు కొల్లలుగ గలవు. వరుస తీయగ నుండుటచే విషము అమృతము గాదు. మా సహోపాధ్యాయురాలు ఈ మాట యనగా సభ కొంతసేపు మౌనము వహించెను. “అట్టి పాటల నేమి చేయుదము, పారవేయుదమా?” యని ఎలక్ట్రీషియనుగారు అడిగిరి. “పారవేయవలదు, సంవత్సరము వేసి యుంచుడు. అప్పు డట్లు తలచిరని పిల్లలకు చెప్పవచ్చును,” అని ఆమె బదులిచ్చెను. ఇంతకన్న చక్కని విమర్శసూత్రము మేమెరుగము. సంవత్సరము లేని పాట శాసనమువలె వినబడును. సంవత్సరము గల పాట సాక్ష్యమువలె వినబడును.

ఇది సాధ్యమగు పనియేనా యని సందేహించువారు పశ్చిమదేశముల వైపు చూడవచ్చును. అదే 1960లలో పాడిన బీటిల్సు బృందపు పాటలు 1987లో సీడీలుగ వెలువడినవి. 2009లో మరల శుద్ధిచేయబడి స్టీరియో ప్రతిని ఒక పెట్టెగను, మోనో ప్రతిని వేరొక పెట్టెగను, వివరములు గల చిన్న పుస్తకములతో విక్రయింపబడినవి. ఇది పాఠాంతరములను కాపాడుట గాక మరేమి? మన పాటలకు శ్రోతలు తక్కువగుటచే గాక, అడుగు శ్రోతలు తక్కువగుటచే మనకీ భాగ్యము లేదు.

చట్టమును ఇపుడు కొంత అనుకూలించుచున్నది. మన దేశమున ధ్వనిముద్రణపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరారంభమునుండి అరువదియేండ్లు. 1964లో వెలువడిన రికార్డులకు ఈ గడువు 2024తో తీరినది. ఐతే పాట వ్రాసిన కవి హక్కు అతని మరణానంతరము అరువదియేండ్లు నిలుచును. దాశరథిగారు 1987లో గతించిరి గనుక వారి మాటలపై హక్కు 2047 వరకు నుండును. కవి కుటుంబమునకు చెందవలసినది చెందవలసినదే. కాని పగిలిపోవు పలకలలోని ధ్వనిని గ్రంథాలయములు భద్రపరచుటకు మునుపటి అడ్డంకి కొంత తగ్గినది. ఉత్సాహము మాత్రము కావలయును.

ఆ సాయంకాలపు ముగింపును చెప్పి విరమింతుము. ఆ తల్లి కోరిన పాట బ్యాంకి ఉద్యోగి యింట పాత రికార్డుగ దొరకినది. వారము దినముల పిమ్మట ఆయన దానిని తెచ్చి ముల్లు పెట్టెను. మొదట గరగర వచ్చెను. గొంతు వినబడగనే ఆమె “ఇదే” యని, వంటయింటి పని వదలి వచ్చి గడపమీద కూర్చుండెను. కుమారుడు ఒక కాగితమున చిత్రము పేరు, సంవత్సరము, కవి పేరు, వరుస కట్టినవారి పేరు, పాడినవారి పేరు, రికార్డు సంఖ్య వ్రాసికొని అట్టసంచిలో నుంచెను.

పాఠక మహాశయులు తమ యింట పాత రికార్డులుండినచో నేడే ఇట్టి కాగిత మొక్కటి వ్రాసియుంచ వేడెదము. వ్రాయునపుడు కవి పేరు తెలియనిచో ఇంటి పెద్దలనడుగుడు; వారు చెప్పగలిగిన దినములు తక్కువగనే మిగిలియున్నవి.